బయట ఒంటరిగా ఉండటం కుక్కపిల్లకి ఎలా అలవాటు చేయాలి?

(డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలు లేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లోని మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

 

ఈసారి అఖామా గురించి కాదు, టికెట్ల గురించి కాదు. కుక్కపిల్ల గురించి మాట్లాడదాం. నవ్వకండి. ఈ రెండు నెలల్లో ఇదే ప్రశ్న ముగ్గురు పంపించారు. ఒకరు వఫ్రా వైపు మజ్రాలో పని చేసే అన్న. ఒకరు నాలాగా హౌస్ డ్రైవర్. ఇంకొకరు కువైట్ సిటీకి దగ్గర్లో ఇంటి పని చేసే అక్క. ఆ అక్క వాయిస్ మెసేజ్ వింటే నవ్వు రాదు. ఇంటి పిల్లలు ముచ్చటపడి రెండు నెలల జర్మన్ షెపర్డ్ పిల్లని తెచ్చారంట. రెండు రోజులు ఆడుకున్నారు, మూడో రోజు నుంచి దాని పని మొత్తం అక్క మీద పడింది. రాత్రి హోష్‌లో వదిలేస్తే తెల్లారేదాకా ఏడుపు. పక్కింటివాళ్లు చెప్పి పంపారు. ఇంకో వారంలో ఏడుపు ఆగకపోతే ఎడారిలో వదిలేసి రమ్మంటానని మామా అనేసింది. అక్క రాత్రికి నాలుగు గంటలు కూడా పడుకోవట్లేదు.

చూశారా, ఒక కుక్కపిల్ల ఏడుపులో ఎన్ని ఉన్నాయో. దాని ప్రాణం ఉంది, అక్క నిద్ర ఉంది, అక్క ఉద్యోగం ఉంది. అందుకే ఎపిసోడ్ మొత్తం దీనికే.

ముందు ఒక సంగతి అర్థం చేసుకుందాం. ఇక్కడ కుక్క బయటే ఎందుకు ఉంటుంది? చాలామంది ముస్లిం కుటుంబాల్లో కుక్క లాలాజలాన్ని అశుద్ధంగా చూస్తారు. ఇంట్లో నమాజు చేసుకునే చోటు ఉంటుంది కాబట్టి కుక్కని లోపలికి రానివ్వరు. అలాగని కుక్క అంటే వాళ్లకి కోపమని కాదు. కాపలాకి, వేటకి, గొర్రెల మందకి కుక్కని పెట్టుకోవడం ఈ నేల మీద ఎప్పటినుంచో ఉంది. బదూలు సలూకీ కుక్కల్ని ఎంత గారాబంగా చూసుకునేవాళ్లో ఇక్కడి పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. ఖురాన్‌లో గుహలో నిద్రపోయిన యువకుల కథలో వాళ్లతో పాటు వాకిట్లో కుక్క కూడా ఉంటుంది. కాబట్టి "లోపలికి రానివ్వండి" అని వాదన పెట్టుకోవద్దు. కుక్క గిన్నె, గుడ్డ వేరుగా పెట్టండి. దాని గుడ్డలు ఇంటివాళ్ల బట్టలతో వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కుని, వీలైతే పైబట్ట మార్చుకుని వంటింట్లోకి వెళ్లండి. ఈ జాగ్రత్త కనబడితే మిగతా విషయాల్లో వాళ్లు మన మాట వింటారు.

ఇక అసలు విషయం. కుక్కపిల్ల ఎందుకు ఏడుస్తుంది? రెండు నెలల పిల్ల నిన్నటిదాకా తల్లి పొట్ట కింద, తోడబుట్టినవాటి మధ్య పడుకుంది. కుక్క గుంపులో బతికే జంతువు. ఆ వయసులో ఒంటరిగా పడిందంటే దాని లెక్కలో చావుకి దగ్గరపడినట్టే. తల్లికి వినబడాలని అరుస్తుంది. అది మొండితనం కాదు, మనల్ని సతాయించడానికీ కాదు.

"ఏడవనివ్వండి, రెండు రోజులకి అదే ఊరుకుంటుంది" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఊరుకుంటుంది, నిజమే. అలసిపోయి ఊరుకుంటుంది. భయం మాత్రం లోపలే ఉండిపోతుంది. అలాంటిది పెద్దయ్యాక గేటు కొరకడం, గోడ దూకడం, గంటలకొద్దీ మొరగడం మొదలుపెట్టొచ్చు. కొట్టి మాన్పిద్దామంటే ఇంకా చెడుతుంది. ఒంటరితనం భయానికి మన భయం కూడా తోడవుతుంది.

దానికి మనం నేర్పాల్సింది ఒకటే: వీళ్లు వెళ్తారు, మళ్లీ వస్తారు. ఈ నమ్మకం కుదిరిందంటే ఒంటరిగా ఉండటం దానంతట అదే వస్తుంది. మన ఇళ్లల్లో సంగతే చూడండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా ఎయిర్‌పోర్టుకి బయల్దేరిన వాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఆ తర్వాత పిల్లలు నిద్రలో లేచి లేచి పక్కన తడుముకునేవాళ్లని ఇంట్లోవాళ్లు చెప్తే విన్నాం. కుక్కపిల్ల దగ్గర కూడా జారుకుని వెళ్లిపోవడం పనికిరాదు. దాని కళ్ల ముందే, మామూలుగా వెళ్లాలి, మామూలుగా రావాలి.

ఎలా మొదలుపెట్టాలో వరసగా చెప్తా.

మొదట చోటు. హోష్‌లోనో మజ్రాలోనో దానికి ఒక మూల ఖాయం చేయండి. అక్కడ నీడ ఉండాలి. పొద్దున 8కి నీడ ఉన్న చోట 11కి ఎండ ఉంటుంది, కాబట్టి ఒకరోజు 8కి, 11కి, 2కి, 4కి వెళ్లి చూడండి. నాలుగుసార్లూ నీడున్న చోటే దాని చోటు. సామాన్యంగా ఉత్తరం గోడ పక్కన దొరుకుతుంది. నేల మీద కాకుండా చెక్క పాలెట్ వేసి, దాని మీద అట్టపెట్టె, పాత దుప్పటి. మీరు వాడి ఉతకని టీషర్టో, లుంగీయో, చున్నీయో ఒకటి అందులో పెట్టండి. మీ వాసన దానికి సగం ధైర్యం. నీళ్లకి బరువైన మట్టి గిన్నె గానీ పింగాణీ గిన్నె గానీ రెండు పెట్టండి, ఒకటి ఒలికినా ఇంకొకటి ఉంటుంది. స్టీలు గిన్నె ఎండలో పెడితే నీళ్లు టీ నీళ్లలా కాగుతాయి.

మొదటి రెండు మూడు రోజులు దాన్ని అక్కడ ఒంటరిగా వదలొద్దు. తిండి మాత్రం అన్ని పూటలా అక్కడే పెట్టండి. ఈ వయసులో రోజుకి మూడు నాలుగు పూటలు తింటుంది కాబట్టి అన్నిసార్లు ఆ చోటుకి మంచి పేరు వచ్చినట్టే. మీరు టీ తాగేది కూడా అక్కడే కూర్చుని తాగండి.

తర్వాత వెళ్లి రావడం. ఒక అడుగు వెనక్కి వేయండి, మళ్లీ రండి. తలుపు దాటండి, మళ్లీ రండి. 5 సెకన్లు, 10 సెకన్లు, మళ్లీ 3, ఆ తర్వాత 15. ప్రతిసారీ పెంచుకుంటూ పోవద్దు. మధ్యమధ్యలో తగ్గించండి. అప్పుడే అది లెక్క కట్టకుండా ఉంటుంది. ముఖ్యమైన గుర్తు ఏంటంటే, అది ఏడవకముందే మీరు తిరిగి రావాలి. ఏడ్చిందంటే మనం ఎక్కువసేపు వెళ్లామని అర్థం. ఈసారి దాంట్లో సగం సేపే వెళ్లండి.

"అన్నా, నాకు ఇంత టైమ్ ఎక్కడుంది?" అంటారు. ఉంది. కొత్తగా టైమ్ ఏం పెట్టక్కర్లేదు. చెత్త పారేయడానికి బయటికి వస్తారు, బట్టలు ఆరేయడానికి వస్తారు, హోష్ కడగడానికి వస్తారు, కారు తుడవడానికి వస్తారు. రోజుకి 20 సార్లు ఎలాగూ ఆ పక్కనుంచి పోతారు. ప్రతిసారీ దాని చోటు దాకా వెళ్లి, ఒక మాట అని, వచ్చేయండి. అదే పాఠం. ఇంటి పని చేసే అక్కలకి ఇందులో నాకంటే వీలు ఎక్కువ. డ్రైవర్‌ని స్కూల్ ట్రిప్‌కి పోతే గంట దాకా రాలేను, మీరు పది నిమిషాలకోసారి తిరుగుతుంటారు.

వెళ్లేటప్పుడు ముద్దులు, బుజ్జగింపులు వద్దు. వచ్చినప్పుడు ఎత్తుకుని గంతులు వద్దు. అది కాస్త నెమ్మదించాక నిమరండి. మీ రాకపోకలు దానికి పండగలా అయితే మీరు లేని టైమ్ అంత బరువవుతుంది.

ఇంకో చిట్కా. మనం బయల్దేరుతున్నామని దానికి ముందే తెలిసిపోతుంది. తాళాల చప్పుడు, చెప్పుల చప్పుడు, గేటు రిమోట్ శబ్దం. అందుకని ఊరికే తాళాలు ఆడించి కూర్చోండి. చెప్పులు వేసుకుని రెండు అడుగులు వేసి విప్పేయండి. నేను కారు స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు కూర్చుని, ఆపేసి దిగేవాణ్ని. నాలుగు రోజులకి కారు చప్పుడుకి తల ఎత్తడం కూడా మానేసింది. కారు మాట వచ్చింది కాబట్టి డ్రైవర్ అన్నలకి ఒకటి: నీడ కోసం కుక్కపిల్లలు కారు కింద దూరి పడుకుంటాయి. వంగి చూడకుండా బండి కదపొద్దు.

ఒంటరిగా వదిలే ముందు కాసేపు ఆడించండి, ఒంటికి రెంటికి తిప్పండి, తిండి పెట్టండి. అలసిన పిల్ల పడుకుంటుంది. ఈ వయసులో రోజుకి 18 గంటల దాకా నిద్రపోతాయి. మెలకువగా ఉంటే నమలడానికి ఏదో ఒకటి ఇవ్వండి. పాత గుడ్డ తడిపి ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వొచ్చు, ఇంటివాళ్ల ఫ్రీజర్ కాకుండా మన రూమ్ ఫ్రిజ్ ఉంటే మంచిది. ఉడికించిన ఎముకలు వద్దు, ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. గుడ్డ చింపి మింగే రకమైతే గుడ్డ కూడా వద్దు, గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి.

ఎంత కాలం పడుతుంది? నేను పని చేసే ఇంట్లో ఉన్నది కూడా జర్మన్ షెపర్డే. రెండు వారాలకి అరగంట ఉండగలిగింది, నెలన్నరకి రెండు గంటలు. ఇంకోటి త్వరగా నేర్చుకోవచ్చు, ఇంకోటి ఆలస్యం కావచ్చు. రెండు నెలల పిల్లని పగలు రెండు మూడు గంటలకి మించి వదలొద్దు. ఒంటికి కూడా అంతసేపే ఆపుకోగలదు.

ఏడుపులో తేడా కూడా తెలుసుకోండి. కాస్త కూనిరాగం తీసి అటూ ఇటూ తిరిగి పడుకుంటే పరవాలేదు, ఆగండి. గొంతు చించుకుని అరవడం, తలుపు గీకడం, చొంగ కారడం, ఇష్టమైన తిండి పెట్టినా ముట్టకపోవడం, ఇవి నిజమైన భయానికి గుర్తులు. అప్పుడు వెళ్లండి. పక్కన కూర్చోండి. రేపు ఇంకా చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టండి.

ఇప్పుడు రాత్రి సంగతి. అక్క అడిగింది ముఖ్యంగా ఇదే. పగలు నేర్చుకోనిది రాత్రి ఒకేసారి నేర్చుకోదు. కాబట్టి మొదటి వారాలు రాత్రి దాన్ని మీకు వినబడేంత, దానికి మీరు వినబడేంత దగ్గర పెట్టండి. పనివాళ్ల రూమ్ హోష్‌లోకి తెరుచుకుంటే గుమ్మం బయట అట్టపెట్టె పెట్టండి. లేదంటే మీ కిటికీ కింద. ఏడిస్తే కిటికీలోంచి నెమ్మదిగా ఒక మాట అనండి. రాత్రి మధ్యలో ఒకసారి ఒంటికి తీసుకెళ్లండి, ఆటలు లేకుండా వెంటనే పడుకోబెట్టండి. అది నెమ్మదిగా పడుకోవడం మొదలయ్యాక రెండు రాత్రులకోసారి పెట్టెని ఒక మూర దూరం జరపండి. అలా దాని అసలు చోటుకి చేర్చండి. మామాతో "ఒక పది రోజులు నా గుమ్మం దగ్గర పెట్టుకుంటా, ఏడుపు తగ్గుతుంది" అని చెప్పి చూడండి. పక్కింటి ఫిర్యాదు ఆగితే ఎవరూ కాదనరు. డిసెంబర్, జనవరి రాత్రులు ఇక్కడ చలి గట్టిగా ఉంటుంది. పెట్టెకి మూడు వైపులా గాలి అడ్డం పెట్టండి.

ఇక ఎండ. ఇది నేర్పుతో దాటేది కాదు. మీరు ఎంత బాగా నేర్పినా ఎండలో వదిలితే పిల్ల చనిపోతుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ఒప్పుకుంది. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల్లో కొద్దిగా పడుతుంది. నాలుక చాచి ఒగర్చడమే దానికి చల్లదనం. గాలిలో తేమ ఎక్కువున్న రోజు అది కూడా సరిగ్గా పనిచేయదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో మనుషులతో పని చేయించకూడదని ఇక్కడ రూల్ ఉంది కదా. మనిషికే వద్దన్న ఎండలో రెండు నెలల పిల్లకి ఏం పని? మే నుంచి సెప్టెంబర్ దాకా తెల్లవారుజామున, పొద్దు గుంకాక మాత్రమే బయట. పగలు ఏసీ ఉన్న స్టోర్ రూమో, డ్రైవర్ రూమో, ఎక్కడో ఒక చల్లని చోటు ఉండాల్సిందే. టైల్స్ మీద, తారు మీద మీ అరచేతి వెనక భాగం 7 సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

ఇంటివాళ్లకి ఎలా చెప్పాలి? మనకొచ్చిన అరబీలోనే, "బాబా, కల్బ్ సఘీర్. బర్రా హార్ వాయిద్. యమూత్." చిన్న కుక్క, బయట బాగా వేడి, చచ్చిపోతుంది. అంతే. ఫోన్‌లో టెంపరేచర్ చూపించండి. నేను పిల్లలకి చూపించా, వాళ్లే వాళ్ల నాన్నతో మాట్లాడారు.

వడదెబ్బ గుర్తులు: ఆగకుండా ఒగర్చడం, చిక్కటి చొంగ, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం, వాంతి. కనబడగానే నీడలోకి తీసుకెళ్లి ఒంటి మీద చల్లని నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. ఇంటివాళ్లకి చెప్పి వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి. తేరుకున్నట్టు కనబడినా చూపించాలి.

కట్టేయొచ్చా అని మజ్రా అన్న అడిగాడు. ఒంటరిగా ఉన్నప్పుడు కట్టేయొద్దు. గొలుసు చుట్టుకుంటుంది, నీడ జరిగితే అది జరగలేదు, వీధి కుక్క వస్తే పారిపోలేదు. ఈత మట్టలతోనో, పాత వల, ఇనుప ఊచలతోనో చిన్న దడి కట్టండి. అందులో నీడ, నీళ్లు ఉంటే చాలు. మజ్రాలో తేళ్లు, పాములు ఉంటాయి కాబట్టి పెట్టె కింద రోజూ దులిపి చూడండి, చెయ్యి పెట్టి కాదు, కర్రతో. ఎలకల మందు ఎక్కడ పెట్టారో కనుక్కోండి. ఇక్కడ కాంపౌండ్ల చుట్టూ గన్నేరు చెట్లు ఎక్కువ. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఖర్జూరం గింజలు మింగితే పేగుల్లో అడ్డం పడతాయి. మిగిలిన మచ్‌బూస్ పెట్టొద్దు, అందులో ఉల్లిపాయ, ఎండు ద్రాక్ష ఉంటాయి, రెండూ కుక్కకి చెరుపే. చాక్లెట్ కూడా అంతే.

టీకాలు మర్చిపోవద్దు. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకోసారి, 16 వారాల దాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. అవి పూర్తయ్యేదాకా గేటు బయటికి, వీధి కుక్కలు తిరిగే చోటుకి తీసుకెళ్లొద్దు. డబ్బు ఇంటివాళ్లదే, మన జీతంలోంచి కాదు. ఈ విషయం కుక్క వచ్చిన రోజే మర్యాదగా మాట్లాడుకోవాలి. మిమ్మల్ని ఏ కుక్క కరిచినా, గీరినా, 15 నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి హాస్పిటల్‌కి వెళ్లండి. చిన్నదే కదా అని వదలొద్దు.

చివరిగా ఒకటి. మనం ఇక్కడ శాశ్వతం కాదు. రెండేళ్లకోసారి ఛుట్టీకి పోతాం, ఒకరోజు పూర్తిగా పోతాం. కుక్క మాత్రం ఆ ఇంట్లోనే ఉంటుంది. మనల్ని ఒక్కళ్లనే నమ్ముకుంటే మనం పోయిన రోజు దానికి లోకం పోయినట్టే, ఆ తర్వాత అది తిండి మానేసి అరుస్తుంటే ఇంటివాళ్లు విసుక్కుంటారు. అందుకే మొదటి నెల నుంచే వారంలో కొన్ని పూటలు తిండి వేరేవాళ్ల చేత పెట్టించండి. ఇంటి పిల్లలైనా సరే, ఇంకో పనివాళ్లైనా సరే. ఛుట్టీకి నెల ముందు నుంచి ఆ మనిషికి పనులు అప్పగిస్తూ రండి. ఏ టైమ్‌కి తిండి, ఏ టైమ్‌కి లోపలికి, ఏ డాక్టరు, అన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. మీరున్నప్పుడే అది ఇంకొకరి దగ్గర నిద్రపోవాలి. అప్పుడు మీరు నిశ్చింతగా బ్యాగు సర్దుకోవచ్చు.

ఒకవేళ ఇంటివాళ్లు వద్దనే అంటే, ఎడారిలో వదలడానికి మాత్రం ఒప్పుకోకండి. అక్కడ అది ఒక్క పగలు కూడా తట్టుకోలేదు. పశువుల క్లినిక్‌లో అడిగితే పెంచుకునేవాళ్లని, జంతువుల్ని చేరదీసేవాళ్లని చెప్తారు. "నేను కనుక్కుంటా, రెండు రోజులు టైమ్ ఇవ్వండి" అని అడగండి.

మీ దగ్గర కుక్కపిల్ల ఉంటే ఎన్ని నిమిషాల దాకా వచ్చిందో వాయిస్ మెసేజ్ పెట్టండి. 30 సెకన్లైనా పరవాలేదు, పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఛుట్టీకి పోయే ముందు ఏమేం కాగితాలు చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఎండలో జాగ్రత్త, నీళ్లు తాగండి. ఉంటాను.